గేరు కఱ్ఱ కథ

కోనసీమలో కొండ లేదు. ధవళేశ్వరము దిగువన గౌతమీ, వసిష్ఠ పాయల నడుమ గోదావరి పరచిన ఒండ్రు నేల ఇది. కొత్తపేట మొదలుకొని అమలాపురము, రాజోలు మీదుగా అంతర్వేది వరకు పోయినను గుట్ట యన్నది కానరాదు. ఇంత చదునైన సీమలో తిరుగు కారునకు ఐదు గేర్లు ఎందులకు? తరగతిలో ఏ విద్యార్థియైనను ఈ ప్రశ్న వేసినచో ఉపాధ్యాయుడు సంతోషింపవలెను. మోటారు బండి చరిత్రలో సగము ఈ ప్రశ్నకు సమాధానమే.

గేర్లు కొండలెక్కుటకే పుట్టినవని చాలమంది తలంతురు. ఐతే వానితో ఎక్కువ పని పడునది నెమ్మదిగా పోవలసినచోట, ఆగి మరల కదలవలసినచోట. అట్టి తావులు కోనసీమలో అడుగడుగునకు ఉన్నవి. కాలువకొక వంతెన, వంతెనకొక ఎత్తు. గట్టుమీది ఇరుకు దారిలో ఎదురుగా కొబ్బరికాయల లారీ. కోటిపల్లి – ముక్తేశ్వరము, సఖినేటిపల్లి – నరసాపురము రేవులలో పంటు దిగి ఒడ్డెక్కు బండ్లు. కనుమనాడు జగ్గన్నతోట తీర్థమునకు ప్రభలు కదలునప్పుడు ఆ దారిన చిక్కిన కారు మనిషి నడకకంటె మెల్లగా ప్రాకవలసినదే.

మొదట చిన్న లెక్క చూతము. వేయి కిలోల బరువు గల కారు మంచి రోడ్డుపై మెల్లగా పోవుటకు సుమారు 15 కిలోల బరువునకు సమానమైన బలముతో లాగిన చాలును. అదే కారు 20 అడుగుల దూరమునకు 1 అడుగు చొప్పున లేచు వంతెన ఎక్కవలెనన్న, బండి బరువులో ఇరువదవ వంతు, అనగా 50 కిలోల బలము అదనముగా కావలెను. మొత్తము 65. నాలుగు రెట్లు దాటినది! రేవు ఒడ్డున మెత్తని ఇసుకలో చక్రము దిగబడినచో చదునునేలకు కావలసిన బలమునకు పదిరెట్లు, అంతకు మించియు కావలసి వచ్చును. సైకిలు త్రొక్కు ప్రతి పిల్లవానికి ఈ సంగతి కాళ్ళకు తెలియును. కాలువ వంతెన రాగానే సీటుమీదనుండి లేచి, తన బరువంతయు పెడలుమీద మోపును. లేచి త్రొక్కుట మనిషికి సాధ్యము. పెట్రోలు ఇంజనుకు అది చేతకాదు.

పెట్రోలు ఇంజనులోని లోపము ఇది: ఆగియున్నప్పుడు దానికి బలమే లేదు. ఆవిరి ఇంజను ఆగియుండియు త్రోయగలదు. ఆవిరి వదలినంతనే పిస్టను కదలును. పెట్రోలు ఇంజను తిరుగుచున్ననే బలము చూపును. పని లేక ఊరక తిరుగునప్పుడు సైతము నిమిషమునకు సుమారు 800 చుట్లు తిరుగవలెను. అంతకు బాగుగ తగ్గినచో ఆగిపోవును. ఇక చక్రము సంగతి. 60 సెంటీమీటర్ల వ్యాసము గల కారు చక్రము ఒక్క చుట్టునకు సుమారు 1.9 మీటరు పోవును. గంటకు 40 కిలోమీటర్ల వేగమున అది నిమిషమునకు 350 చుట్లు తిరుగును. ఎడ్లబండి వెనుక గంటకు 4 కిలోమీటర్ల నడకన పోవలెనన్న 35 చుట్లే. ఒకవైపు 800కు తగ్గని ఇంజను, మరియొకవైపు 35కు మించరాని చక్రము. ఈ రెండింటికి సంధి కుదుర్చుటయే గేరుబాక్సు పని.

చిన్న కారులో మొదటి గేరు వేసినప్పుడు ఇంజను సుమారు 14 చుట్లు తిరిగినచో చక్రము ఒక చుట్టు తిరుగును. 800ను 14తో భాగింపుడు: 57 చుట్లు, అనగా గంటకు ఆరున్నర కిలోమీటర్లు. అంతకంటె మెల్లగా పోవలెనన్న మొదటి గేరు కూడ చాలదు. అప్పుడు క్లచ్చి సగము నొక్కి పట్టవలెను. క్లచ్చి అనగా రెండు పళ్ళెములు. ఒకటి ఇంజనుతోడను, మరియొకటి గేరుబాక్సుతోడను తిరుగును. పెడలు నొక్కిన విడిపోవును, వదలిన అతుకుకొనును. సగము వదలినచో ఒకదానిమీద ఒకటి జారుచు తిరుగును. డ్రైవర్లు దీనినే హాఫ్ క్లచ్చి అందురు. జారుడు ఉన్నచోట రాపిడి, రాపిడి ఉన్నచోట వేడి. తీర్థములో అరగంట ఇట్లు ప్రాకిన కారునుండి వచ్చు మాడు వాసన క్లచ్చి ప్లేటుది. ఆ ప్లేటు మార్పించుటకు మెకానికునకు ఇచ్చుకొను సొమ్ము ఆ ప్రాకుడునకు సుంకము.

ఆగిన బండిని కదలించు ఈ క్షణమే మన కథకు కీలకము. ఆ క్షణమున ఇంజనును చక్రముతో కలుపునది ఎవరు? మనిషి కాలా, చమురా, బెల్టా, చిన్న మోటారా? గేరు కఱ్ఱ గల కారు కొనవలెనా, అది లేని ఆటోమాటిక్కు కారు కొనవలెనా అని నేడు సంశయించువారు అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే. దీనికి నూట ముప్పది ఏండ్లకు పైబడిన చరిత్ర కలదు.

1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అను ఆమె భర్త కార్ల్ బెంజ్ తయారుచేసిన మూడుచక్రముల మోటారు బండిలో ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు పోయినది. దూరము నూరు కిలోమీటర్లకు పైమాటే. ఎత్తులు వచ్చినచోట బండి ఎక్కలేకపోయినది. దిగి త్రోయవలసి వచ్చినది. తిరిగివచ్చిన పిమ్మట, ఎత్తులెక్కుటకు ఇంకొక గేరు అమర్చుమని ఆమె భర్తకు చెప్పినది. మోటారు బండిని నిత్యజీవితమున వాడి చూచిన తొలి డ్రైవరు స్త్రీ, ఆమె చెప్పిన తొలి లోపము గేరును గూర్చినది. పాఠ్యపుస్తకములలో ఈ సంగతికి ఇంకను పెద్ద అక్షరములు దక్కవలసియున్నది.

1891 ప్రాంతమున ఫ్రాన్సులో పనార్–లెవసోర్ సంస్థకు చెందిన ఎమిల్ లెవసోర్ ముందు ఇంజను, దాని వెనుక క్లచ్చి, ఆ వెనుక పళ్ళచక్రముల గేర్లు వరుసగా అమర్చినాడు. కఱ్ఱ కదల్పగా పళ్ళచక్రము ఇరుసుమీద ప్రక్కకు జరిగి, వేరొక చక్రముతో పెనవేసుకొనును. ఇట్టి బండితోనే ఆయన 1895లో పారిస్–బోర్డో–పారిస్ పందెమున 1,100 కిలోమీటర్లకు మించిన దూరమును సుమారు 49 గంటలలో దాదాపు తానొక్కడే నడిపి ముందు చేరినాడు. తరువాత లూయీ రెనో అను ఇరువదియొక్క ఏండ్ల యువకుడు పై గేరులో పళ్ళచక్రములతో పని లేకుండ ఇంజను తిప్పుడు నేరుగా వెనుకకు పోవు ఏర్పాటు చేసి, 1898 డిసెంబరు 24న పారిస్‌లోని నిటారు వీథి యొకదానిని ఎక్కి చూపినాడు. నేటి గేరు కఱ్ఱ కారు వీరిద్దరి బండ్లకు మనుమడే.

పళ్ళచక్రముల గేర్లు మెట్లవంటివి. కోనసీమవారికి లొల్ల లాకులను చూపి చెప్పినచో ఇది తేటపడును. పడవ పై మట్టమునకు పోవలెనన్న లాకులో ప్రవేశించి, తలుపులు మూసి, రెండువైపుల నీటిమట్టము సమమగువరకు ఆగవలెను. సమము కాకమునుపే తలుపు తెరువబోయినచో తలుపునకు ముప్పు. గేరు మార్చుటయు ఇట్టిదే: తిరుగుచున్న రెండు పళ్ళచక్రముల వేగములు సమము కాకమునుపే కలిపినచో పళ్ళు గీరుకొని కేక పెట్టును, ఒక్కొక్కప్పుడు విరుగును. ఆ వేగములను సమపరచు భారము తొలినాళ్ళలో డ్రైవరుదే. క్లచ్చి నొక్కి గేరు విడదీసి, క్లచ్చి వదలి, చెవితో ఇంజను మ్రోత వినుచు తగినంత యాక్సిలరేటరు ఇచ్చి, మరల క్లచ్చి నొక్కి గేరు వేయవలెను. దీనికి డబుల్ క్లచ్చి అని పేరు. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ఆరంభించిన నాటికి డ్రైవరు అనగా ఈ విద్య నేర్చినవాడని అర్థము. పల్లెలో బస్సు డ్రైవరునకు ఉన్న గౌరవము యూనిఫారము వలన మాత్రమే రాలేదు. గేరు గీరకుండ మార్చగలవాని చేతివాటమును ముందు సీటులోని ప్రయాణికులు కనిపెట్టుచుందురు.

ఈ విద్య అందరికి అలవడదని గుర్తించినవాడు హెన్రీ ఫోర్డు. 1908 నుండి 1927 వరకు కోటి యేబది లక్షలకు పైగా అమ్ముడుపోయిన ఆయన మోడల్ టి కారులో పళ్ళచక్రములు ఎన్నడును విడిపోవు. నడుమ సూర్యునివలె ఒక చక్రము, దానిచుట్టు గ్రహములవలె చిన్న చక్రములు. ఏ భాగమును పట్టి ఆపితిమో దానినిబట్టి వేగము మారును. కాలితో పెడలు నొక్కిన తక్కువ గేరు, వదలిన ఎక్కువ గేరు. గీరుకొనుట లేదు, చెవిపెట్టి వినుట లేదు. ఈ గ్రహచక్రముల అమరికయే తరువాతి ఆటోమాటిక్కు గేరుబాక్సులకు ఆధారమైనది.

1928లో అమెరికాలో కాడిలాక్ కారునకు సింక్రోమెష్ అను కొత్త అమరిక వచ్చినది. పళ్ళు కలియుటకు ముందు చిన్న శంఖువులవంటి భాగములు ఒకదానికొకటి రాచుకొని వేగములను సమపరచును. లాకులో నీరు దానంతట అదే సమమైనట్లు. దీనిని కనిపెట్టినవాడు ఎర్ల్ థాంప్సన్. డబుల్ క్లచ్చి విద్యను అవసరము లేనిదిగా చేసిన ఈ థాంప్సనే పదునొకండేండ్ల తరువాత గేరు కఱ్ఱ అవసరమునే తొలగించిన బృందమునకు నాయకుడైనాడు. 1939లో జనరల్ మోటార్స్‌వారు ఓల్డ్స్‌మొబీల్ కార్లలో పెట్టిన హైడ్రామాటిక్కు ఆ బృందము పని.

హైడ్రామాటిక్కులో క్లచ్చి పళ్ళెముల స్థానమున చమురు వచ్చినది. రెండు టేబులు ఫానులు ఎదురెదురుగా పెట్టి ఒకదానికి మాత్రమే కరెంటు ఇచ్చి చూడుడు. ఆ గాలికి రెండవది కూడ తిరుగ నారంభించును. పట్టి ఆపినచో ఆగును, మొదటిదానికి హాని లేదు. గాలికి బదులు చమురు, ఫానులకు బదులు రెక్కల పళ్ళెములు అనుకొనుడు. బండి ఆగియున్నను ఇంజను తిరుగుచునే ఉండును. బ్రేకు వదలగానే మెల్లగా ప్రాకును. ఈ సూత్రమును 1905లోనే జర్మనీలో హెర్మన్ ఫోటింగర్ ఓడల టర్బైనుల కొరకు కనిపెట్టినాడు. రెండు పళ్ళెముల నడుమ మూడవదానిని నిలిపి, తిరిగివచ్చు చమురును దారి మళ్ళించినచో త్రిప్పు బలము కదలునప్పుడు ఇంచుమించు రెట్టింపు కాగలదు. అదియే టార్కు కన్వర్టరు. 1948లో బ్యూక్ కార్లలో ఇది వచ్చిన పిమ్మట అమెరికాలో ఎడమకాలికి పని తగ్గుచు వచ్చినది. చమురు జారుట వలన కొంత శక్తి వృథాయగును గనుక తొలి ఆటోమాటిక్కులు పెట్రోలు ఎక్కువ త్రాగినవి. వేగము కుదిరిన తరువాత రెండు పళ్ళెములను గట్టిగ బిగించు ఏర్పాటు తరువాత వచ్చి ఆ నష్టమును చాలవరకు తగ్గించినది.

మెట్లే లేని దారి ఒకటి హాలెండులో తేలినది. 1958లో డాఫ్ సంస్థకు చెందిన హుబ్ వాన్ డోర్న్ రెండు కప్పీలు, వాని నడుమ రబ్బరు బెల్టుతో కారు నడిపించినాడు. కప్పీ రెండు చెంపలు దగ్గరగ జరిగినచో బెల్టు అంచునకు ఎక్కును, దూరమైనచో లోపలికి దిగును. ఇట్లు వేగము లాకు మెట్లవలె కాక ఏటవాలు దారివలె మారును. మన దేశమునకు ఈ బెల్టు కారుద్వారా కాక స్కూటరుద్వారా వచ్చినది.

భారతదేశములో కారు కథ వేరు. 1957 ప్రాంతమున మొదలై 2014 వరకు తయారైన అంబాసిడరు చాలకాలము స్టీరింగు ప్రక్కనే గేరు కఱ్ఱ గలిగి, తొలినాళ్ళలో మొదటి గేరునకు సింక్రోమెష్ లేక నడచినది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో కఱ్ఱ నేలమీదికి దిగినది. పెట్రోలు ఖరీదు ఎక్కువ, కార్లు తక్కువ, డ్రైవరును పెట్టుకొనుట వాడుక. నడుపుట తన పని కానప్పుడు యజమాని గేర్ల బాధను తలపోయునా? గేర్లు లేని బండి అవసరము కారు యజమానికంటె ముందు సామాన్య గృహస్థునకు, అతని ఇంటి స్త్రీలకు కలిగినది. 1972లో లూనా మోపెడు, 1984లో ఏర్పడిన కైనెటిక్ హోండా సంస్థ స్కూటరు, 2001లో యాక్టివా వచ్చినవి. ఆ స్కూటర్లలో ముందు కప్పీలోపల చిన్న ఉండ్రాళ్ళవంటి బరువులు ఉండును. వేగము హెచ్చినకొలది అవి వెలుపలికి జరిగి కప్పీ చెంపను త్రోయగా బెల్టు పైకెక్కును. క్లచ్చి సైతము తిరుగుడు వేగమునుబట్టి తానే అతుకుకొనును. పాఠశాలలో అపకేంద్ర బలము పాఠము చెప్పునప్పుడు పాత స్కూటరు మూత ఒకటి విప్పి చూపుట బొమ్మ గీయుటకంటె మేలు.

చీర కట్టుకొని మోటారు సైకిలు గేరును పాదముతో ఎత్తుట, దించుట ఎంత కష్టమో వేరుగ చెప్పనక్కరలేదు. గేరు లేని స్కూటరు వచ్చిన పిమ్మట ఉపాధ్యాయినులు, నర్సులు, బ్యాంకు ఉద్యోగినులు ఒకరి వెనుక కూర్చుండుట మాని తామే నడుపుకొని పోవుచున్నారు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము గేరు లేని మోటారు సైకిలు, గేరు గల మోటారు సైకిలు అని లైసెన్సును రెండుగా విభజించినది; కార్లకు మాత్రము అట్టి భేదము చేయలేదు. బ్రిటనులో ఆటోమాటిక్కు కారుపై పరీక్ష నెగ్గినవారు గేరు కఱ్ఱ కారు నడుపరాదు. మనకు ఆ అడ్డు లేకపోవుట సౌకర్యమే గాని, క్లచ్చి ఎరుగనివాడు పొరుగువారి గేరు కఱ్ఱ కారు తీసికొని కాలువ గట్టెక్కుట మాత్రము ప్రమాదకరము.

2014లో మారుతి సెలెరియోతో మన దేశములో చౌక ఆటోమాటిక్కు కారు ప్రబలినది. దానిని ఎ.ఎం.టి. అందురు. గేరుబాక్సు పాతదే, క్లచ్చి ప్లేటు పాతదే. మనిషి కాలు, చేయి చేయు పనిని యంత్రపు చేయి చేయును. ధర తక్కువ, పెట్రోలు ఖర్చు గేరు కఱ్ఱ కారుతో దాదాపు సమానము. గేరు మారునప్పుడు తల కొంచెము ముందుకూగును. దానికి అలవాటు పడవలెను. కొనువారు తరచు మరచునది వేరొకటి: ప్రాకునప్పుడు ఇందులోను ప్లేటు జారుచునే ఉండును. జగ్గన్నతోట దారిలో అరగంట ప్రాకినచో హాఫ్ క్లచ్చి పట్టునది మీరైనను యంత్రమైనను అరుగునది ఆ ప్లేటే. చమురుతో నడచు టార్కు కన్వర్టరుకు ఈ బాధ లేదు. చమురు వేడెక్కును, చల్లబరచు ఏర్పాటు ఉండును. నేటి బెల్టు కార్లు చాలవానిలో కూడ ముందుభాగమున ఈ చమురు పళ్ళెములే ఉన్నవి. పేరు ఒక్కటియైన ఆటోమాటిక్కు కార్లలో ఇంత భేదము కలదు.

కనుక అమలాపురము గడియార స్తంభము వీథులలో నిత్యము తిరుగువారికి, మోకాలి నొప్పి గలవారికి, కొత్తగ నేర్చు పెద్దవారికి టార్కు కన్వర్టరో, అది గల బెల్టు కారో మేలు, ధర ఎక్కువే. అంత పెట్టలేనివారు ఎ.ఎం.టి. కొనవచ్చును, కాని ముందు ఒక పరీక్ష చేయవలెను. కాలువ వంతెన ఎత్తుమీద ఆపి, బ్రేకు వదలి, యాక్సిలరేటరు నొక్కి చూడవలెను. వెనుకకు జారకుండ రెండు క్షణములు బ్రేకు తానే పట్టు ఏర్పాటు ఉన్నచో నిశ్చింత. లేనిచో పంటు దిగి ఒడ్డెక్కునప్పుడు వెనుక నీరున్నదని మరువరాదు. చేతి బ్రేకు వాడవలెను. రాజోలు నుండి 216వ జాతీయ రహదారి మీద దూరము పోవువారికి, లంక గ్రామముల మట్టిబాటలలో తిరుగువారికి గేరు కఱ్ఱ కారు నేటికిని చౌక, మరమ్మతు సులభము. బాటరీ చచ్చినప్పుడు నలుగురు త్రోసి రెండవ గేరులో బయలుదేరదీయుట దానికే చెల్లును. ఆటోమాటిక్కులో ఆ ఉపాయము పనికిరాదు. టార్కు కన్వర్టరు కారునైతే, ఇంజను నడుపు చక్రములు నేలమీద దొర్లుచుండగా దూరము ఈడ్చుకొనిపోరాదు. ఇంజను తిరుగనిదే చమురు పంపు పనిచేయదు, లోపలి భాగములు ఎండి అరిగిపోవును.

గేరు కఱ్ఱ కారు విడిచి ఆటోమాటిక్కు ఎక్కినవారు మొదటి వారము ఎడమకాలిని పనిలోనికి రానీయరాదు. దానికి క్లచ్చిని గట్టిగ నొక్కు అలవాటు. పొరపాటున బ్రేకు మీద పడినచో కారు ఉన్నపళముగ నిలిచిపోయి వెనుకవాడు గ్రుద్దును. బ్రేకు, యాక్సిలరేటరు రెండును కుడికాలి పనియే.

ఇంతలో బాటరీతో నడచు ఆటోలు వచ్చి, ఈ వివాదమునకు వేరు మార్గము చూపుచున్నవి. విద్యుత్ మోటారు ఆగియున్నప్పుడే నిండు బలముతో త్రోయును. పెట్రోలు ఇంజనులోని ఆ పుట్టులోపము దానికి లేదు. కనుక క్లచ్చి లేదు, మార్చవలసిన గేర్లు లేవు, ముందునకు వెనుకకు అని ఒక మీట కలదు. అంబాజీపేట నుండి కొబ్బరి ఎత్తుకొని దూరదేశములకు పోవు లారీలలో మాత్రము గేరు కఱ్ఱ చాలవరకు డ్రైవరు అరచేతి క్రిందనే ఉన్నది. టన్నులకొలది బరువుతో కాలువ వంతెన ఎక్కునప్పుడు, ఎత్తు రాకమునుపే ఒక గేరు దించుకొను ముందుచూపు అతనికి ఇంకను కావలసియున్నది.